చిలకవాగు మీద బెంగ

కొండల నడుమ బోడికోన అనే అడవి ఉండేది. అందులో ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, ముళ్ళపందులు కలిసి బతికేవి. అడవి మధ్యగా చిలకవాగు పారేది. ఆ వాగులో వేగి అనే నీటికుక్క ఉండేది. అది అక్కడే పుట్టింది. గులకరాళ్ళ మీద జారుతూ, చేపల వెంట పరుగులు తీస్తూ అక్కడే పెరిగింది.

ఒక ఏడాది ఆ అడవికి పెద్ద చిక్కు వచ్చింది. కుళ్ళిన పళ్ళు, ఎముకలు, చచ్చిన జంతువుల కళేబరాలు ఎక్కడపడితే అక్కడ పడి ఉండేవి. ఈగలు ముసిరాయి. జింకలకు జబ్బులు పట్టుకున్నాయి. అప్పుడు అడవికి పెద్దదైన ముసలి ఏనుగు అందరినీ పిలిచింది. దాన్ని అందరూ గజమ్మవ్వ అనేవారు.

"ఇకమీదట చెత్తంతా ఒకే గోతిలో వేద్దాం. ఆ పని చూసుకునేవాళ్ళకు అందరం దుంపలు, పళ్ళు ఇద్దాం," అంది గజమ్మవ్వ. "కానీ గొయ్యి తవ్వేస్తే సరిపోదు. దిగువన ఉండేవాళ్ళను అడగాలి. ఒక వానాకాలమంతా గోతిని ఖాళీగా ఉంచి, నీళ్ళు ఊరుతాయేమో చూడాలి. ఆ తర్వాత నేను వచ్చి చూసి సరేనంటేనే చెత్త వేయాలి."

ఆ పనికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు గండడు అనే అడవిపంది. తన మోర బలం చూసుకుని వాడికి మహా గర్వం. రెండోవాడు సూదయ్య అనే ముళ్ళపంది.

సూదయ్య ఒకచోట తవ్వాడు. అడుగున చెమ్మ తగిలింది. పూడ్చేశాడు. ఇంకోచోట తవ్వాడు. అక్కడా చెమ్మే. చివరికి దిగువన ఉండేవాళ్ళను అడిగి, వాగుకు దూరంగా, బంకమట్టి గుట్ట మీద తవ్వి, వానల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

గండడు మాత్రం వాగు గట్టునే మెత్తటి ఇసక నేల చూసుకున్నాడు. ఒక్క పూటలో పెద్ద గొయ్యి తవ్వేశాడు. అంతలో ఎండలు ముదిరాయి. గజమ్మవ్వ తన మందతో నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ దూరపు అడవికి వెళ్ళింది. అదే అదనుగా గండడు అందరినీ కేకేశాడు.

"రండి రండి! మీ చెత్తంతా ఇక్కడ వేయండి. పక్క అడవి వాళ్ళు తెచ్చినా సరే!"

అన్ని జంతువులూ చెత్త తెచ్చి వేశాయి. గండడి ముందు దుంపలు కుప్ప పడ్డాయి.

వేగి ఆ గొయ్యి చూసింది. అది గండడి దగ్గరికి పరుగున వచ్చింది. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే మడుగులో ఆడుకున్నారు. వాడిని అన్నా అని పిలిచేది.

"అన్నా, గొయ్యి వాగు పక్కనే ఉంది. దిగువన ఉండేది నేనే కదా, నన్నొక్క మాటైనా అడగలేదేం?"

"నీ వాగులో నేనేమైనా వేస్తున్నానా చెల్లీ? నా గొయ్యి గట్టు మీద ఉంది."

"మరి వానలొస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాంలే. ఖాళీ గోతికి కాపలా కాయడానికి నేనేమన్నా సూదయ్యనా?" అని నవ్వాడు గండడు.

వానలు రానే వచ్చాయి. గొయ్యి నిండింది. ఆ మురుగు ఇసకలోంచి ఊరుతూ వాగులో కలిసింది. నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు తెల్లగా తేలాయి. వేగి ఒక రాయి మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత కొండ దాటి వెళ్ళిపోయింది.

కొండ అవతల ఒక బురద కుంట ఉంది. వేగి అక్కడే ఒక పిల్లను కన్నది. కుంటలో తిండికి లోటు లేదు. కానీ ఆ నీళ్ళు కదలవు, చప్పుడు చేయవు. కొండ మీంచి గాలి వస్తే వేగి మునుగుతున్నదల్లా ఆగి, ముక్కు పైకెత్తి వాసన చూసేది. కొంగ కనబడితే చాలు, "అక్కా, మా వాగు ఎలా ఉంది?" అని అడిగేది.

"ఇంకా నల్లగానే ఉందమ్మా," అనేది కొంగ.

ఆ పూట వేగికి తిండి సయించేది కాదు.

వానలు వెలిశాక గజమ్మవ్వ తిరిగొచ్చింది. వాగును చూసి దాని కళ్ళు చెమర్చాయి. తర్వాత గుట్టెక్కి సూదయ్య గోతిలోకి తొంగిచూసింది. పైనుంచి పడిన వాన అప్పటికే ఆరిపోయింది. అడుగు నుంచి చుక్క ఊరలేదు.

"సూదయ్యా, ఇక నీ గోతిలోనే చెత్త వేద్దాం," అంది. గండడి వైపు తిరిగి, "నువ్వు నింపిందంతా నువ్వే ఎత్తి గుట్ట మీదికి మొయ్యి," అంది.

ఆ రోజు నుంచి అడవి అంతా సూదయ్య దగ్గరికే వెళ్ళింది. అతని ఇంట దుంపలకు కొదవ లేకుండా పోయింది. గండడు చలికాలమంతా, ఎండాకాలమంతా ఆ కుళ్ళు మోశాడు. మోర పుండ్లు పడింది. వాగు గట్టున ఎవరూ లేరు. వాడిని అన్నా అని పిలిచే గొంతు లేదు. దప్పికైతే ఆ నీళ్ళు తాగలేక, ఖాళీ మడుగును చూస్తూ నిలబడేవాడు.

మళ్ళీ వానలు వచ్చి వాగును కడిగాయి. మెల్లగా చేపలు వచ్చాయి. ఒక ఉదయం కొంగ కుంట మీద వాలింది.

"వేగీ, నీళ్ళు తేటపడ్డాయి!"

వేగి పిల్లను వెంటబెట్టుకుని కొండ దాటింది. వాగు కనబడగానే ఒక్క దూకు దూకింది. మునిగింది, తేలింది, రాళ్ళను తడిమింది. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. పిల్ల గట్టు మీదే వణుకుతూ నిలబడి ఉంది.

"అమ్మా, ఈ నీళ్ళు ఆగవేం? నాకు భయమేస్తోంది. మన కుంటకు ఎప్పుడు వెళ్దాం?"

వేగి గట్టెక్కి పిల్ల పక్కన నిలబడింది. గండడు తల వంచుకుని దగ్గరికొచ్చాడు.

"చెల్లీ, నీళ్ళు బాగయ్యాయి కదా?"

"బాగయ్యాయి అన్నా," అంది వేగి. "కానీ నా బిడ్డ ఈ నీళ్ళలో ఆడుకోవాల్సిన రోజులు కుంటలోనే అయిపోయాయి."

గండడు తల వంచుకునే మడుగు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం తల్లీ పిల్లా గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. తల్లి వాగు వైపు చూస్తోంది. పిల్ల కొండ వైపు చూస్తోంది.

నీతి: పదిమందికి హాని చేయగల పనిని ముందుగా అడిగి, ఆగి, చూసి మొదలుపెట్టాలి. చెడిన నీళ్ళను తేటపరచవచ్చు గానీ, పోయిన రోజులను తిరిగి ఇవ్వలేం.