వంటింటి గొడ్డలి

అనగా అనగా, తూర్పున ఎన్నో సముద్రాలు దాటిపోతే వచ్చే కొరియా దేశంలో, ఒక రాజు. రాజన్నాక కోట, కోటన్నాక గుమ్మం ఉంటాయి కదా. ఆ గుమ్మం ముందు ఒక నల్లరాయి ఉండేది. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి పిల్లలూ, దానితో మనకు చాలా పనుంది.

ఆ దేశంలో ఓ ఆచారం. రాజు తప్పు చేస్తున్నాడని ఎవరికైనా తోస్తే, ఒక గడ్డిచాప, ఒక గొడ్డలి పట్టుకొచ్చి ఆ రాతిమీద కూర్చోవచ్చు. "నా మాట తప్పైతే ఈ గొడ్డలితోనే నా తల తీయించండి" అని, ఆపైన తన మాట చెప్పాలి. రాజు వినితీరాలి. విన్నాక తల తీయిస్తాడో, తప్పు దిద్దుకుంటాడో ఆయన ఇష్టం. ఆచారమైతే ఉంది గానీ కూర్చునే మొనగాడేడీ? ఏళ్ల తరబడి ఆ రాతిమీద పిచ్చుకలే కూర్చునేవి.

కోటలో నామ్‌గిల్ అని ఓ చిన్న ఉద్యోగి. రాజాజ్ఞలకు నకళ్లు రాయడం అతని పని. అతని భార్య ఓక్‌సున్. ఆవిడకి నోరు కాస్త పెద్దది, మనసు ఇంకా పెద్దది.

ఒక ఏడు, సరిగ్గా వరినాట్ల వేళకి, రాజుగారికి కొలను మధ్య మండపం కట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. రాళ్లు మొయ్యడానికి రైతులందర్నీ పట్టుకురమ్మని ఆజ్ఞ. నకలు రాస్తున్న నామ్‌గిల్ చెయ్యి ఆగిపోయింది. నాట్లు పడకపోతే చలికాలంలో జనం ఏం తింటారు? పెద్ద మంత్రులకు ఈ సంగతి తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. తెలిసీ గడ్డాలు నిమురుకుంటూ ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే నామ్‌గిల్ వంటింట్లోకి వెళ్లి కట్టెలు కొట్టే గొడ్డలి తీశాడు. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఎందుకో ఓక్‌సున్‌కి అర్థమైంది. వద్దంటే ఆగే మనిషి కాదని ఆవిడకి తెలుసు. గడ్డిచాప చుట్టి చేతికిచ్చి, "అది మన పొయ్యి గొడ్డలండీ. సాయంత్రానికి తెచ్చివ్వండి. మీరే తెచ్చివ్వాలి" అంది.

నామ్‌గిల్ నల్లరాతి మీద కూర్చుని, నాట్లు పోతే జనం పస్తులుంటారు, మండపం ఆపండి అన్నాడు. రాజు విన్నాడు. ముందు మొహం కందగడ్డలా చేసుకున్నాడు. తరవాత గొడ్డలి వంక చూసి, ఇంత మొండి గొడ్డలితో తల తెగాలంటే పూటంతా పడుతుందయ్యా అని పకపకా నవ్వేశాడు. మండపం ఆగింది, నాట్లు పడ్డాయి, నామ్‌గిల్ మంత్రి అయ్యాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆ గొడ్డలితోనే కట్టెలు కొట్టి పెట్టాడు.

పదేళ్లు గడిచాయి. రాజు ముసలివాడయ్యాడు. ఒకనాడు రాజుగారి తమ్ముడు సైన్యంతో కోటలో జొరబడి, అన్నను గదిలో పెట్టి తాళంవేసి, తాను సింహాసనమెక్కి కూర్చున్నాడు. అన్నకు మతి చెడింది, ఆయనే నన్ను ఏలుకోమన్నాడు అని ఒక పత్రం రాయించి, మంత్రులందర్నీ ముద్రలు వెయ్యమన్నాడు. అందరూ టపటపా వేసేశారు. నామ్‌గిల్ మాత్రం గొడ్డలి కోసం ఇంటికెళ్లాడు.

ఓక్‌సున్ మళ్లీ చాప చుట్టి ఇచ్చింది. మీరే తెచ్చివ్వాలి అని మళ్లీ అంది గానీ, ఈసారి వీధి చివరిదాకా వెంట నడిచింది.

రాజుగారి మతి నిక్షేపంలా ఉంది, ఈ పత్రమే అబద్ధం అని నామ్‌గిల్ నల్లరాతి మీద కూర్చుని చెప్పాడు. కొత్తరాజు నవ్వలేదు. తల తీయిద్దామనుకున్నాడు. కానీ అప్పటికే గుమ్మం ముందు జనం పోగయ్యారు. ఆనాడు నాట్లు దక్కిన రైతులంతా అక్కడే ఉన్నారు. అంతమంది ముందు ధైర్యం చాలక, నామ్‌గిల్‌ని సముద్రంలో దూరపు దీవికి తోసేశాడు. ఓక్‌సున్ ఆ గొడ్డలిని మూటలో కట్టుకుని మొగుడి వెంట పడవెక్కింది.

దీవిలో తొమ్మిదేళ్లు. మంచు కురుస్తుంటే రాళ్లమీద సముద్రపు నాచు ఏరుకుని తినాలి. ఓక్‌సున్ వేళ్లు చలికి పగిలి, ఉప్పునీళ్లకి మండేవి. ఆవిడ తల్లి పోయిన కబురు ఏడు నెలల తరవాత అందింది. ఆ రోజు ఆవిడ రాళ్లమీద కూర్చుని బావురుమంది. నామ్‌గిల్ పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.

తొమ్మిదేళ్లకి, చెరలోనే కన్నుమూసిన పెద్దరాజుగారి కొడుకు జనాన్ని కూడగట్టుకొచ్చి, పినతండ్రిని తరిమేసి రాజయ్యాడు. పడవ పంపించి నామ్‌గిల్‌ని పిలిపించి ప్రధానమంత్రిని చేశాడు. ఇంకేం, కథ అయిపోయిందనుకుంటున్నారా? కూర్చోండి కూర్చోండి, అసలు తప్పు ఇక్కడే జరిగింది.

పాత దొంగరాజు దగ్గర పనిచేసిన నౌకర్లు మూడువందలమంది చెరలో ఉన్నారు. వంటవాళ్లు, గుర్రాలవాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు. వీళ్లంతా ద్రోహులే, దీవులకు తోసేద్దామని ఎవరో ఆజ్ఞాపత్రం రాసి తెచ్చారు. తలమునకలయ్యే పనుల్లో ఉన్న నామ్‌గిల్ దానిమీద ముద్ర కొట్టేశాడు. వాళ్ల ఆలుబిడ్డలు చాపలు, గొడ్డళ్లు పట్టుకుని నల్లరాతి దగ్గరకి రాసాగారు.

నామ్‌గిల్‌కి మనసు చివుక్కుమంది. అధర్మం పోయింది, నేనే ప్రధానినయ్యాను, ఇంక గొడ్డళ్లెందుకు, చెప్పేదేదో రాసి కచేరీలో ఇచ్చిపొండి అన్నాడు. రాతి చుట్టూ వెదురు కంచె కట్టించాడు. కచేరీలో ఆ కాగితాలు చదివిన నాథుడు లేడు.

ఒక గుర్రాలవాడి భార్య వచ్చి ఓక్‌సున్ కాళ్లమీద పడింది. పడవ బయల్దేరడానికి మూడురోజులే ఉన్నాయి. ఓక్‌సున్ అన్నం వడ్డిస్తూ మొగుడికి ఈ సంగతి చెప్పింది. రాజ్యం సంగతులు నీకేం తెలుసు అన్నాడాయన. చూశారా, ఎవరితో ఏమన్నాడో!

మూడోనాటి మధ్యాహ్నం నామ్‌గిల్ ఆకలితో ఇల్లు చేరాడు. ప్రధానమంత్రి ఇల్లైనా అక్కడ వంట ఓక్‌సున్‌దే. పొయ్యి చల్లగా ఉంది. గోడకి గొడ్డలి లేదు. మూలన చాపా లేదు. ఆయన గిరుక్కున వెనుదిరిగాడు. మంత్రులు పెట్టుకునే గుర్రపువెంట్రుకల టోపీ ఎగిరి వీధిలో పడినా చూసుకోకుండా పరుగెత్తాడు.

కోటగుమ్మం ముందు వెదురు కంచె ముక్కలై పడివుంది. నల్లరాతిమీద ఓక్‌సున్ కూర్చునివుంది. కంచె నరికిన గొడ్డలి ఆవిడ ముందే ఉంది. ప్రధాని భార్యని ఏం చెయ్యాలో తెలియక భటులు గుడ్లప్పగించి చూస్తున్నారు. అప్పటికే కుర్రరాజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నా మాట తప్పైతే ఈ గొడ్డలితోనే నా తల తీయించండి ప్రభూ" అంది ఓక్‌సున్. "అన్నం వండినవాళ్లు, గుర్రాలకి గడ్డేసినవాళ్లు ద్రోహులెలా అయ్యారు? ఆ దీవి చలి ఎలాంటిదో నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు. మర్చిపోయారు." అని పగుళ్లు మానని రెండు చేతులూ చాచి చూపించింది.

రాజు నామ్‌గిల్ వైపు తిరిగాడు. నామ్‌గిల్ ఆ చేతుల్ని చూశాడు. తడబడుతూ వెళ్లి, భార్య పక్కన చాపమీద కూర్చున్నాడు.

"ఆవిడ మాట తప్పు కాదు ప్రభూ. ముద్ర వేసింది నేను, కంచె కట్టించింది నేను. తల తీయాల్సివస్తే నాది తీయించండి."

రాజు ఎవరి తలా తీయించలేదు. పడవ ఆపమని మనిషిని పరుగెత్తించాడు. సాయంత్రానికల్లా మూడువందల ఇళ్లలో పొయ్యిలు వెలిగాయి.

ఒక్క ఇంట్లో మాత్రం వెంటనే వెలగలేదు. ఎందుకంటే నామ్‌గిల్ ఆ గొడ్డలిని ఇంటికి తేలేదు. గొడ్డలి లేని బీదవాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చని, దాన్ని నల్లరాతి పక్కనే గుంజకి వేలాడదీయించాడు. పదును మాత్రం పెట్టించలేదు. ఓక్‌సున్ ఆ పూటకి పొరుగింటి నిప్పుతో, పొరుగింటి కట్టెలతో అన్నం వండింది. మర్నాడు కొత్త గొడ్డలి కొనిచ్చేదాకా మొగుణ్ణి సాధిస్తూనే ఉంది.

అందుకే పిల్లలూ, నిజం చెప్పి పైకొచ్చినవాడు, రేపు తనకి నిజం చెప్పడానికి వచ్చేవాళ్ల దారి ఎన్నడూ మూయకూడదు.