దీమపు గువ్వ

ఓబులేసు గురి మీద ఆ చుట్టుపక్కల ఎవరికీ అనుమానం లేదు. ఎగిరే గువ్వను వడిసెల రాయితో కొట్టి కింద పడేయగలడు. చిక్కల్లా ఒక్కటే. గువ్వలు వాడి దగ్గరికి రావడం లేదు.

మరోసారైతే రాకపోతే పోనీ అనుకునేవాడే. కానీ వాడి నాయన తుపాకి దివాణం గోడకు వేలాడుతోంది. నాయన పోయిన మూడో రోజునే దొర మనుషులు వచ్చి, "ఇది దివాణం ఇచ్చిన తుపాకి, దివాణానికే చేరాల" అని పట్టుకుపోయారు. అది పచ్చి అబద్ధం. ఆ తుపాకిని ఓబులేసు తాత రెండు ఎద్దులు అమ్మి చేయించుకున్నాడు. అయినా దొర మాటకు ఎదురు చెప్పేవాడు ఎవడు? పుట్టుకతో వేటగాడైన బోయవాడు నాలుగేళ్లుగా వడిసెలతో కాకుల్ని తోలుకుంటున్నాడు. పెళ్లాం ముందు కూడా వాడికి అది చిన్నతనంగానే ఉంది.

ఇప్పుడు దొర కూతురికి పెళ్లయింది. అల్లుడు పట్నంలో చదివినవాడు. తుపాకి పట్టడం పదిరోజుల కిందటే మొదలుపెట్టాడు. మామగారి ఊళ్లో మొదటి షికారు గువ్వలతో చేయించాలని దొరకు ముచ్చట పుట్టింది. ఓబులేసును పిలిపించాడు.

"వచ్చే వారం శుక్రవారం పొద్దున అల్లుడు మాటులో కూర్చుంటాడు. గువ్వలు ఆయన ముందర దిగాల. దించితివా, మీ నాయన తుపాకి నీది. లేదంటే దాన్ని కొలిమిలో పెట్టించి గొర్రుకు కర్రు చేయిస్తా."

శుక్రవారానికి పది రోజులుంది.

ఓబులేసు కుమ్మరి చుట్టూ తిరిగి ముప్పై మట్టి గువ్వలు చేయించాడు. మెడలకు నీలం, కాళ్లకు ఎరుపు, కళ్లకు ఇంకా ఎరుపు. పెళ్లికొడుక్కి కూడా అంత సింగారం చేసి ఉండరు. కోసిన జొన్నచేలో, రాలిన గింజల మధ్య వాటిని వరుసగా నిలబెట్టాడు. చేను గట్టున కంపతో మాటు కట్టి అందులో కూర్చున్నాడు. ముప్పై గువ్వలూ వాడి వైపే చూస్తూ కనిపించాయి. అల్లుడు దొరకు చూడ్డానికి బాగుంటుందని వాడే అలా పెట్టాడు.

అసలు గువ్వలు కొండ మీద నుంచి వచ్చేవి, పైన ఒక చుట్టు తిరిగేవి, మళ్లీ కొండకే పోయేవి. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు వాడు సిగ్గు చంపుకుని హుసేనప్ప గుడిసెకు పోయాడు.

హుసేనప్ప దూదేకుల ముసలాయన. పాత దొర కాలంలో ముప్పై ఏళ్లు దివాణం షికారీగా చేశాడు. ఇప్పుడు దివాణం ఇచ్చిన రెండెకరాల మాన్యంలో కొర్రలు పండించుకుంటూ, అయిదు పూటలా నమాజు చేసుకుంటూ, అడిగినవాళ్లకు సగం జవాబు చెప్పి పంపిస్తూ కాలం గడుపుతున్నాడు. మిగతా సగం కోసం రెండోసారి పోయినవాళ్లు తక్కువ.

"గువ్వలు దిగడం లే తాతా. నేర్పు," అన్నాడు ఓబులేసు.

"తుపాకి యాడ?"

"దివాణంలో ఉండాది."

"మంచిదే. చేతిలో ఉంటే మొదటి దినమే పేలుస్తావు," అని ముసలాయన చేతికర్ర తీసుకుని లేచాడు.

చేలోకి వచ్చి బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇవి ఎవుర్ని చూస్తాండాయిరా?"

"అల్లుడు దొరను."

"ఆకాశంలో పొయ్యే గువ్వకు అల్లుడు దొరతో ఏం పని?"

ముసలాయన వంగి ఒక్కొక్క బొమ్మనూ గాలికి ఎదురుగా తిప్పడం మొదలుపెట్టాడు. గువ్వ గాలికి ఎదురుగా దిగుతుంది, ముక్కు గాలి వైపు పెట్టుకునే మేస్తుంది. ఈ మాట ఆయన నోటితో చెప్పలేదు. పదో బొమ్మ తిప్పేసరికి ఓబులేసుకే తెలిసింది. తరువాత ముసలాయన ఇరవై బొమ్మల్ని ఏరి కంపచాటున పడేశాడు. మిగిలిన పదింటి మీద తడిమట్టి పూసి ఆ నీలాలూ ఎరుపులూ చెరిపేశాడు. ఓబులేసు ప్రాణం ఉసూరుమంది. ఆ రంగుల కోసం కుమ్మరిని ఎంత బతిమాలాడో వాడికే తెలుసు.

పది బొమ్మలూ ఇటు ఐదు, అటు ఐదు అయ్యాయి. నడుమ బారెడు నేల ఖాళీగా మిగిలింది.

"ఈడ ఏం పెట్టాల తాతా?"

"ఏమీ పెట్టొద్దు. వచ్చేవాళ్లు యాడ దిగుతారు మరి?"

ఇద్దరూ మాటులో కూర్చున్నారు. ముసలాయన తన చేతికర్రను ఓబులేసు ఒళ్లో పెట్టి, "ఇదే నీ తుపాకి" అన్నాడు. కాసేపటికి "వస్తాండాయి" అన్నాడు. ఓబులేసుకు కొండ తప్ప ఏమీ కనపడలేదు. ఒక బీడీ కాలేంత సేపటికి గానీ వాడికి నల్లటి చుక్కలు ఆనలేదు. ఏడు గువ్వలు. రెక్కలు వంచి, కాళ్లు చాచి దిగబోయాయి. ఓబులేసు కర్ర ఎత్తాడు. ఏడూ గాలిలోనే మళ్లుకుని పోయాయి.

"కర్రను చూసి బెదిరినాయా?"

"నీ మొగం చూసి. గుమ్మడికాయ మాదిరి పైకెత్తితివి కదా."

మర్నాడు ఓబులేసు మొహానికి మసి పూసుకుని, తల వంచుకుని, ఊపిరి కూడా మెల్లగా వదిలాడు. మొదటి గువ్వ దిగింది. కర్ర కదల్లేదు. ఆ వెనక నాలుగు, ఆ వెనక ఆరు. మొత్తం పదకొండు గువ్వలు ఆ ఖాళీ జాగాలో దిగి గింజలు ఏరుకున్నాయి. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుపాకి గోడ దిగి ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది.

ఆ సాయంత్రం దొర గుర్రం మీద చేను చూడటానికి వచ్చాడు.

"పదకొండా?" అన్నాడు. "మా అల్లుడు పది తూటాలకు ఒకటి కొడతాడు. వంద దిగాల. ఈ మట్టిబెడ్డలు చాలవు. దీమం పెట్టు."

దీమం అంటే ఎర పక్షి. ప్రాణమున్న గువ్వను పట్టి, దాని కింది రెప్పలకు దారం గుచ్చి, పైకి లాగి తల మీద ముడి వేస్తారు. కళ్లు మూసుకుపోతాయి. చూపు లేని గువ్వ మనిషికీ డేగకూ బెదరదు. దాన్ని ఒక పుల్ల మీద కూర్చోబెట్టి, కాలికి కట్టిన తాడును మాటులోంచి లాగితే పడిపోతానని రెక్కలు కొట్టుకుంటుంది. పైన పోయే గుంపుకు అది అప్పుడే మేతకు దిగుతున్న గువ్వలా కనపడుతుంది. ఆ రెక్కల మీద నమ్మకంతో గుంపు గుంపంతా దిగుతుంది.

దొర తన గూళ్లలోంచి రెండు పెంపుడు గువ్వల్ని బుట్టలో పెట్టించి పంపాడు. ఓబులేసు ఇంట్లో సూది తీసుకుని ఒకదానికి కుట్టాడు. కుట్టు వంకర పోలేదు. అయిపోయాక సూది తుడిచి పెళ్లానికి ఇచ్చాడు.

"నువ్వే పెట్టుకో," అంది లింగమ్మ. "ఆ సూదితో ఇంగ నేను నా రైక కుట్టుకోను."

"నాయన తుపాకి వద్దా నీకు?"

"నేను తుపాకి మాట ఎత్తినానా? సూది మాట చెప్పినా."

వాడు కోపంగా గువ్వను పట్టుకుని హుసేనప్ప దగ్గరికి పోయాడు. ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ముడిని తడిమి చూశాడు.

"ఎవురు కుట్టినారు?"

"నేనే."

"బాగా కుట్టినావు."

ఆ నోటి నుంచి అలాంటి మాట విన్నవాడు ఆ ఊళ్లో లేడు. ఓబులేసు ఉబ్బిపోయాడు. ముసలాయన లోపలికి పోయి పిడికెడు జొన్నలు తెచ్చి వాడి చేతిలో పోశాడు.

"మేపు."

"దానికి కనపడదు కదా తాతా."

"అందుకే నువ్వు మేపాల."

"ఎన్ని తూర్లు?"

"నువ్వు తిన్నప్పుడంతా. ఆకలితో ఉండే దీమం రెక్క ఆడించదు."

పని కోసమే కదా అని ఓబులేసు మేపాడు. మొదటిరోజు ముక్కు విడదీసి గింజ పెడితే ఉమ్మేసింది. దోసిట్లో నీళ్లు పోసి ముక్కు ముంచితే తల విదిలించింది. వాడు తిట్టాడు. తిడుతూనే ఇంకో గింజ పెట్టాడు. రెండో రోజుకు తిట్టే గొంతును గువ్వ గుర్తుపట్టింది. గొంతు వినగానే తల అటు తిప్పేది. మూడో రోజు వాడు పక్కన కూర్చోగానే వాడి వేళ్ల సందుల్లో ముక్కుతో వెతుక్కుంది. తల్లిని చూసిన కూనలా రెక్కలు వణికించింది. గింజ ఏ వేలు పెడుతుందో దానికి తెలుసు. సూది ఏ వేలు పట్టిందో దానికి తెలియదు. ఓబులేసుకు ఆ పూట ముద్ద దిగలేదు.

గురువారం సాయంత్రం వాడు హుసేనప్ప గుడిసె ముందు నిలబడ్డాడు.

"కుట్టు విప్పేద్దునా తాతా?"

"మీ నాయన తుపాకి?"

ఓబులేసు దివాణం వైపు చూశాడు.

"దీమం నీది, తుపాకి నీది," అన్నాడు ముసలాయన. "నన్ను అడగొద్దు." అని చాప పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు.

శుక్రవారం తెల్లవారి ఎండ పడేసరికి దొర, అల్లుడు, ఇద్దరు నౌకర్లు మాటులో ఉన్నారు. పాత షికారీ ఉంటే మంచిదని దొర హుసేనప్పను కూడా రప్పించాడు. అల్లుడి చేతిలో జోడు గొట్టాల కొత్త తుపాకి. గోడ మీది పాత తుపాకిని కూడా దొర తెప్పించి, ఓబులేసుకు కనపడేటట్టు మాటుకు ఆనించాడు. దాని మడమ కట్టె మీద నాయన చెయ్యి రాసి రాసి నున్నబడిన చోటు మెరుస్తోంది.

ఓబులేసు గువ్వను తీసుకుపోయి పుల్ల మీద కూర్చోబెట్టి, కాలికి తాడు కట్టాడు. చెయ్యి తీయబోతే అది వేళ్లలో వెతికింది. వాడి దగ్గర గింజ లేదు. తిరిగి వచ్చి మాటులో తాడు కొస పట్టుకున్నాడు.

"వస్తాండాయి," అన్నాడు హుసేనప్ప.

కొండ మీద నుంచి గుంపు లేచింది. వందకు పైనే. ఆకాశంలో ఒక చుట్టు తిరిగి చేను వైపు వంగింది.

"లాగరా," అన్నాడు దొర గొంతు తగ్గించి.

ఓబులేసు తాడు వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. మాటులోంచి బయటికి వచ్చి, నిండు ఎండలో, గుంపు మొత్తానికీ కనపడేటట్టు చేలోకి నడిచాడు. వంద గువ్వలూ ఒక్కసారిగా మళ్లుకుని కొండకు పోయాయి.

"ఒరే! కూర్చోరా! నీ అమ్మ..." దొర తిట్లు చేనంతా వినిపించాయి.

వాడు కూర్చున్నాడు గానీ గువ్వ ముందు కూర్చున్నాడు. చిన్న కత్తితో తల మీది ముడి కోసి, దారం మెల్లగా లాగేశాడు. రెప్పలు కిందికి జారాయి. గువ్వ రెండుసార్లు కళ్లార్చి వాడి మొహంలోకి చూసింది. కాలి తాడు కూడా విప్పాడు. అది ఎగిరి, కొండకేమీ పోలేదు, తిన్నగా దివాణం గూటికే పోయింది. దానికి తెలిసిన ఇల్లు అదే మరి.

దొర మాటులోంచి బయటికి వచ్చాడు. చేతిలో నాయన తుపాకి.

"రేపు పొద్దున ఇది కొలిమిలో ఉంటాది."

"పెట్టించండి దొరా."

"బుట్టలో ఇంకోటి ఉంది. ఇప్పుడే కుట్టు, ఇది తీసుకొనిపో. అన్నీ మర్చిపోతా."

"కుట్టను."

"ఎందుకు కుట్టవు?"

"మేపినా దొరా," అన్నాడు ఓబులేసు. ఆ మాట కంటే ఎక్కువ వాడికి దొరకలేదు. తల మాత్రం దించలేదు.

"పోనీలెండి మామయ్యా, ఆ మట్టి బొమ్మలకు వచ్చినన్నే కొడతాను," అన్నాడు అల్లుడు ఇబ్బందిగా.

దొర వినిపించుకోలేదు. ఇది ఇక గువ్వల సంగతి కాదు. నౌకర్ల ముందు, అల్లుడి ముందు ఒక బోయవాడు కాదన్నాడు. బుట్టలోంచి రెండో గువ్వనూ, దానితో ఉంచిన సూదినీ దారం రీలునూ తీయించి హుసేనప్ప ముందు పెట్టించాడు.

"నువ్వు కుట్టు. ముప్పై ఏండ్లు ఇదే పని చేసినావు. నీ మాన్యం దివాణం పెట్టిన భిక్ష, అది గుర్తుంది కదా?"

ఓబులేసు గబగబా ముందుకు వచ్చాడు. పదేళ్ల కిందట హుసేనప్ప పని మానుకున్నది చూపు మందగించే అని ఊరందరికీ తెలుసు. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని చెబితే పాత దొర జాలిపడి ఆ రెండెకరాలిచ్చి పంపాడు.

"తాతకు చూపు ఆనదు దొరా," అన్నాడు ఓబులేసు. "మీ నాయనగారికీ ఆ సంగతి తెలుసు. ఆయన్ని వదిలెయ్యండి."

హుసేనప్ప సూది చేతిలోకి తీసుకున్నాడు. అందులో ఎక్కించి ఉన్న దారాన్ని లాగి పారేశాడు. రీలు మీంచి కొత్త పోగు తెంపి, కొస నాలికకు తడిపి, సూదిని ఎండకు ఎత్తి పట్టాడు. దారం మొదటిసారికే బెజ్జంలోంచి అవతలికి వచ్చింది.

ఆ సూదిని తిరిగి దొర చేతికే ఇచ్చాడు.

"చూపుకేం కొదవలేదు దొరా. అప్పుడూ లేదు," అన్నాడు. "కుట్టనని చెప్పే నోరే లేకపోయె."