అందరికీ 'సరే' అన్న కిరీటి

తెనాలిలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కిరీటికి కాదనడం చేతకాదు; అవతలివాళ్ళు అడగడం పూర్తికాకముందే అతని నోట్లోంచి "సరే" వచ్చేసేది.

ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళకు వస్తానని చెప్పి, రెండు చోట్లా సగం సగం భోజనం చేసి, ఇద్దరు పెళ్ళిపెద్దల చేతా తిట్లు తిన్న మనిషి అతను. అయినా తీరు మారలేదు. మనసులో ఏ కల్మషమూ లేదు. ఎదుటివాళ్ళ ముఖం చిన్నబోతే చూడలేడు, అంతే.

ఆదివారం మధ్యాహ్నాలు అతను పూర్ణిమ ఫొటో స్టూడియోకు వెళ్ళేవాడు. అక్కడ నలుగురు చేరి కోటలాట అనే కార్డుల ఆట ఆడేవాళ్ళు. ఇది పందెం కాసే పేకాట కాదు. బొమ్మల కార్డులు సీలు వేసిన ప్యాకెట్లలో అమ్ముతారు. ఏ ప్యాకెట్లో ఏ బొమ్మ ఉందో చింపేదాకా తెలియదు. ఎవరికి దొరికిన కార్డుల్లోంచి వాళ్ళు ఏరుకుని, తమకు నచ్చినట్టు ఒక కట్ట తయారుచేసుకుని వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో కోట, కోట ముందు గుప్పెడు చింతపిక్కలు. దెబ్బ తగిలినప్పుడల్లా పిక్కలు తీసేస్తారు. పిక్కలన్నీ పోతే కోట కూలినట్టు. చివరిదాకా నిలిచినవాళ్ళదే గెలుపు.

ఎవరి మీదికి వెళ్ళాలన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. అందుకే ఈ ఆటలో కార్డుల కంటే మాటలే ఎక్కువ పనిచేసేవి. "ఈ వంతుకు నన్ను వదిలెయ్", "ముందు వాడి సంగతి చూద్దాం" అంటూ బల్ల చుట్టూ పొత్తులు కుదురుతూ, తెగుతూ ఉండేవి.

పూర్ణిమ అందరిలోకీ చురుకైన ఆటగత్తె. మస్తాన్ పక్క వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు, కిరీటికి చిన్ననాటి స్నేహితుడు. నాలుగో ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ప్రభుదాసు. ఆయన అంతవరకు ఒక్క ఆటైనా గెలవలేదు. కానీ ఆదివారం వస్తే అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు.

కిరీటి కట్ట కూడా అతనిలాగే ఉండేది. "ఏనుగులు లేకుండా అదేం కట్టరా!" అని మస్తాన్ ఏనుగులు ఇస్తే సరే అని పెట్టుకున్నాడు. "డాళ్ళు ఉండాలి తమ్ముడూ" అని పూర్ణిమ అంటే అవీ పెట్టుకున్నాడు. మాస్టారు విలుకాళ్ళను ఇస్తే వాళ్ళనూ చేర్చాడు. నిజానికి అతనికి పడవల కార్డులంటే ఇష్టం. అందరివీ పెట్టుకున్నాక పడవలకు కాస్త చోటే మిగిలింది. పడవలు నడవాలంటే నది కార్డు కావాలి. దానికి చోటు లేదు. ఏనుగులు కదలాలంటే మేత కార్డు కావాలి. దానికీ చోటు లేదు. మొత్తం మీద అది కలగూరగంప.

ఒకసారి నలుగురూ కలిసి ఒక పెద్ద పెట్టె కొన్నారు. ప్యాకెట్లు చింపుతుంటే ఒకదాంట్లోంచి గండభేరుండం కార్డు బయటపడింది. రెండు తలల పక్షి, రెక్కల నిండా బంగారు మెరుపు. నలుగురి కళ్ళూ దాని మీదే నిలిచిపోయాయి.

"దీన్ని నాలుగు ముక్కలు చెయ్యలేం. వచ్చే ఆదివారం ఆట ఎవరు గెలిస్తే వాళ్ళది" అంది పూర్ణిమ. అందరూ ఒప్పుకున్నారు.

మర్నాడే మస్తాన్ దుకాణానికి వచ్చాడు. "ఒరేయ్, నువ్వు నా మీదికి రాకు, నేను నీ మీదికి రాను. నేనెవరి మీదికి వెళ్ళినా నువ్వు అడ్డు పడకూడదు. సరేనా?"

"సరేరా, నీకు కాకపోతే ఇంకెవరికి!" అన్నాడు కిరీటి.

సాయంత్రం పూర్ణిమ ఫోన్ చేసింది. "తమ్ముడూ, మస్తాన్ ఏనుగులతో వస్తాడు. నువ్వు నా పక్షాన ఉంటే వాణ్ణి ఇద్దరం ఆపేద్దాం."

"అలాగే అక్కా, మీరు నిశ్చింతగా ఉండండి."

ఆ తర్వాత ప్రభుదాసు మాస్టారు కళ్ళజోడు మర సడలిందని వచ్చాడు. మర బిగించి ఇచ్చినా ఆయన కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక్కసారైనా గెలవాలనుందయ్యా కిరీటీ. విలుకాళ్ళు నిండుగా పెట్టుకుంటే దెబ్బ గట్టిగా కొట్టగలను. కానీ గోడలకు చోటుండదు. నా మీదికి ఎవరైనా వస్తే నువ్వు డాలు అడ్డం వేస్తావా?"

ఆ ముఖం చూసి కిరీటి గుండె కరిగిపోయింది. "మీ గోడ నేనే అనుకోండి మాస్టారూ" అనేశాడు.

ముగ్గురికీ మాట ఇచ్చిన ప్రతిసారీ అతను మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. ఇవన్నీ ఒకదానికొకటి ఎలా పొసగుతాయని అనిపించకపోలేదు. ఆదివారం నాటికి ఏదో ఒకటి కుదురుతుందిలే అనుకుని నిద్రపోయాడు.

ఆదివారం ఆట మొదలైంది. ముగ్గురూ కిరీటిని చూసి ఎవరికి వాళ్ళు గుంభనంగా నవ్వుకున్నారు. ముగ్గురికీ తిరిగి నవ్వుతూ కిరీటి దవడలు నొప్పెట్టాయి. మొదటి వంతులు అతను ఎవరి జోలికీ పోకుండా గడిపాడు.

ఇంతలో మస్తాన్ తన ఏనుగులన్నిటినీ ఒక్కసారిగా మాస్టారి కోట మీదికి తోలాడు.

మాస్టారు బెదరలేదు. చేతులు కట్టుకుని, "రానివ్వు. కిరీటి డాలు వేస్తాడు" అన్నాడు.

"వాడెందుకు వేస్తాడు? నాకు అడ్డు రానని మాటిచ్చాడు" అన్నాడు మస్తాన్.

"నీకా? మాటిచ్చింది నాకు కదా!" అంది పూర్ణిమ.

ముగ్గురూ కిరీటి వైపు తిరిగారు. డాలు కార్డు అతని చేతిలోనే ఉంది. వేస్తే మస్తాన్‌కిచ్చిన మాట పోతుంది. వెయ్యకపోతే మాస్టారికిచ్చింది పోతుంది.

"నేను... నేనీ సారికి ఏమీ ఆడను" అన్నాడు నీళ్ళు నములుతూ.

మాస్టారి కోట కూలింది. ఆయన కోప్పడలేదు. తన చింతపిక్కలను మెల్లగా డబ్బాలో వేస్తూ, "రెండు మంచి గోడ కార్డులుండేవయ్యా. నువ్వున్నావు కదా అని ఇంట్లో వదిలేసి వచ్చాను" అన్నాడు.

ఆ మాటకు కిరీటి తల ఎత్తలేకపోయాడు.

మస్తాన్, పూర్ణిమ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ముందు వీడి పని పడదామా?" అన్నాడు మస్తాన్. "పద" అంది పూర్ణిమ. కిరీటి ఏనుగులు మేత లేక కదల్లేదు. పడవలు నీళ్ళు లేక కదల్లేదు. అటు నుంచి ఒక దెబ్బ, ఇటు నుంచి ఒక దెబ్బ పడేసరికి అతని కోట నేలమట్టమైంది. చివరికి మస్తాన్‌ను కూడా ఓడించి పూర్ణిమ గండభేరుండాన్ని గెలుచుకుంది.

ఆ తర్వాత ఎవరూ అతనితో పోట్లాడలేదు. టీ ఎప్పటిలాగే ఇచ్చేవాళ్ళు, జోకులు ఎప్పటిలాగే వేసేవాళ్ళు. కానీ ఆటలో ఎవరూ అతనితో పొత్తు మాట ఎత్తేవాళ్ళు కాదు. ఒకసారి అతనే చొరవ చేసి, "అక్కా, ఈ ఆటలో మీ పక్షాన ఉంటాను" అన్నాడు.

పూర్ణిమ నవ్వి, "టీ చల్లారిపోతోంది, తాగు తమ్ముడూ" అంది.

తిట్టినా అంత బాధ కలిగేది కాదు. ఆ సాయంత్రం కిరీటి హైస్కూలు మైదానానికి వెళ్ళాడు. మాస్టారు కబడ్డీ కోసం సున్నంతో గీతలు వేస్తున్నాడు.

"మీరు బాధపడతారనే ఆ రోజు సరే అన్నాను మాస్టారూ" అన్నాడు కిరీటి.

"కాదని ఉంటే ఆ పూటకు బాధపడేవాణ్ణే. తర్వాత ఇంటికెళ్ళి గోడలు పెట్టుకునేవాణ్ణి" అన్నాడు మాస్టారు. కోపంగా అనలేదు. గీత వంకర పోకుండా చూసుకుంటూ అన్నాడు.

కిరీటి చెయ్యి చాచి, "ఆ సున్నం డబ్బా ఇటివ్వండి, అవతలి గీత నేను వేస్తాను" అన్నాడు.

ఇంటికి వెళ్ళి అతను తన కట్టను మొత్తం విప్పేశాడు. ఎవరిచ్చిన కార్డులు వాళ్ళకు వేరుచేశాడు. మర్నాడు ఏనుగులను మస్తాన్ బల్ల మీద పెట్టి, గుండె చిక్కబట్టుకుని, "ఇవి నాకొద్దురా. నాకు పడవలాట ఇష్టం" అన్నాడు. మస్తాన్ ముఖం మాడ్చుకుంటాడని అతని భయం.

మస్తాన్ ముఖం వెలిగిపోయింది. "బతికించావురా! ఇవి నీకిచ్చినప్పటి నుంచీ నా ఏనుగుల మంద చిక్కిపోయింది. తిరిగి అడగడానికి మొహమాటమేసింది" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం కిరీటి పడవలతో, వాటికి సరిపడా నదులతో కొత్త కట్ట తెచ్చాడు. ఆట మధ్యలో మస్తాన్ వేళాకోళంగా, "ఏరా, నా మీదికి రావు కదా?" అన్నాడు.

"వస్తాను. వచ్చే వంతులోనే వస్తున్నాను" అన్నాడు కిరీటి.

మస్తాన్ చేతిలోని కార్డులు బల్ల మీద పడ్డాయి. పూర్ణిమ టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేసింది. కిరీటి నోట అలాంటి మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ వినలేదు.

"మరి నా మీదికో?" అంది పూర్ణిమ.

"ఇప్పుడే చెప్పలేను అక్కా."

తర్వాత అతను మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, మస్తాన్ కోట కూలేదాకా మీ మీదికి రాను. ఆ తర్వాత మాత్రం హామీ లేదు." మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, అతన్ని ఒక క్షణం చూసి తల ఊపాడు.

చెప్పినట్టే కిరీటి పడవలు మస్తాన్ మీదికి వెళ్ళాయి. ఆట ఊపందుకుంది. ముందు పూర్ణిమ కోట కూలింది. మస్తాన్ దగ్గరా, కిరీటి దగ్గరా కొద్దిపాటి పిక్కలే మిగిలాయి. మాస్టారి గోడ పడిపోయి కోట తలుపు బార్లా తెరుచుకుంది. సరిగ్గా అప్పుడు కిరీటి వంతు వచ్చింది. అతని దగ్గర ఒకే ఒక్క యుద్ధనౌక మిగిలి ఉంది. మస్తాన్ కోట ముందు దాన్ని ఆపే కొండ కార్డు ఉంది.

ఓడిపోయి పక్కన కూర్చున్న పూర్ణిమ ఆగలేకపోయింది. "మాస్టారి మీదికి వెళ్ళు తమ్ముడూ! తలుపు తెరిచే ఉంది. ఆయన పోతే మస్తాన్ నీకొక లెక్కా? ఆట నీదే!"

కిరీటి ఆ తెరిచిన తలుపు వైపు ఆశగా చూశాడు. చెయ్యి నౌక మీదే ఉంది.

"మస్తాన్ కోట ఇంకా ఉంది అక్కా" అని నౌకను మస్తాన్ మీదికే పంపాడు. అది కొండకు తగిలి ముక్కలైంది.

తర్వాతి వంతు మాస్టారిది. ఆయన విలుకాళ్ళు ఒక్క విడతలో మస్తాన్ కోటను కూల్చేశారు. రెండో విడతకు బాణం ఎక్కుపెట్టి ఆయన కిరీటిని చూశాడు. "మస్తాన్ పోయాడు. మన ఒప్పందం అయిపోయినట్టే కదయ్యా?"

"అయిపోయినట్టే మాస్టారూ. కానివ్వండి" అన్నాడు కిరీటి నవ్వుతూ.

బాణాలు పడ్డాయి. కిరీటి కోట కూలింది. ప్రభుదాసు మాస్టారు జీవితంలో మొదటిసారి కోటలాట గెలిచాడు. కుర్చీలోంచి లేచి, మెడలోని ఈల తీసి, స్టూడియో అద్దాలు అదిరేలా ఊదాడు. మస్తాన్ చెవులు మూసుకున్నాడు. పూర్ణిమ ఆయనను తెర ముందు నిలబెట్టి, చేతిలో కట్టతో ఫొటో తీసింది. రెండో ఫొటోకు ఆమె కెమెరాలో టైమర్ పెట్టి వచ్చింది; ఓడిన ముగ్గురూ ఆయన భుజాల మీద చేతులు వేసి నిలబడ్డారు.

మళ్ళీ కార్డులు కలుపుతుండగా పూర్ణిమ తన కుర్చీని కిరీటి పక్కకు జరుపుకుంది. "తమ్ముడూ, ఈ ఆటలో నాతో పొత్తు పెట్టుకుంటావా?"

"ఒరేయ్, ఆగు, నేను ముందు అడుగుదామనుకున్నాను!" అన్నాడు మస్తాన్.

కిరీటి ఇద్దరినీ చూశాడు. వెంటనే "సరే" అనలేదు. తన చేతిలోని కార్డులను ఒకసారి నిదానంగా చూసుకుని, "ఈ ఆటకు అక్కతో. నీతో కాదురా మస్తాన్" అన్నాడు. మస్తాన్ మూతి ముడిచాడు గానీ, వెంటనే తన కట్టలోకి ఒక కొండ కార్డు ఎక్కువ చేర్చుకున్నాడు.

నీతి: నిలబెట్టుకోగలిగిన చోటే మాట ఇవ్వాలి, కాదనవలసిన చోట కాదనగలిగిన మనిషి "సరే"నే నలుగురూ నమ్ముతారు.