మూడు దీవుల సుంకం

అనగా అనగా ఒక రాజుగారర్రా. ఏడుగురు కొడుకులనుకునేరు, ముగ్గురే. మధ్యలో నిద్రపోయారంటే మళ్ళీ మొదట్నుంచి చెప్పను, ముందే చెబుతున్నా.

ఆ రాజుగారి భార్య సుగుణావళి. రాణి అయినా సరే, పండగనాడు నైవేద్యం తన చేత్తోనే వండేది. దేవుడికి పెట్టేదాన్ని ముందుగా ఎవరూ నాలిక మీద వేసుకోకూడదు కదా, మన ఇళ్ళల్లోనూ అంతే. ఒకసారి ఆవిడ పులిహోరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. రుచి చూడలేదు, తెలియలేదు. ఖర్మ కాకపోతే ఆ పూటే ధూమకేశి అనే మాంత్రికుడు అతిథిగా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"ఉప్పులేని కూడు పెడతావా నాకు? రుచీ పచీ తెలియనిదానివి, నీకు పంచేంద్రియాలెందుకే?" అని చిటికె వేశాడు.

అంతే. రాణికి చూపు పోయింది, వినికిడి పోయింది, వాసన, రుచి, స్పర్శ అన్నీ పోయాయి. ఊపిరి మాత్రం మిగిలింది. కొడుకులు ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చినా ఆవిడకి తెలియదు. అంతకంటే చావు నయం కాదుటర్రా!

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందనీ, ఆ చిలక చస్తే రాణి లేస్తుందనీ చెప్పారు జోస్యులు. పెద్దకొడుకు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. చివరికి చిన్నవాడు కేయూరవర్మ అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. ఆవిడ వింటే కదా!

సముద్రపొడ్డున ఉచ్చులో చిక్కిన ఒక పునుగుపిల్లిని అతను విడిపించాడు. అది మాటలొచ్చిన పిల్లి.

"చిలక దగ్గరికి దారి నాకు తెలుసు బాబూ. మధ్యలో మూడు దీవులున్నాయి. ఒక్కో దీవిలో ఒక్కో సుంకం. ఇచ్చింది మళ్ళీ తిరిగిరాదు. మాంత్రికుడు చచ్చినా రాదు. ఆలోచించుకో" అంది.

"ఆలోచించేదేముంది, పద" అన్నాడు.

రెండు సముద్రాలు దాటాక పరిమళాల దీవి. అబ్బ, ఏం చెప్పను! ఒడ్డు చేరకముందే సంపెంగలు, మొగలిపూలు, వట్టివేళ్ళు. పైగా రోజూ తొలకరే, రోజూ తడిసిన మట్టివాసనే. పెద్దన్న అక్కడే పొన్నచెట్టు కింద కళ్ళు మూసుకుని పడున్నాడు.

"అన్నా, అమ్మ అట్లా ఉంది. పద."

"రేపు చూద్దాంలేరా. ముందు ఈ గాలి పీల్చు."

"ముందుకు పోవాలా? నీ వాసన పట్టే శక్తి ఇచ్చిపో" అన్నాడు ఆ దీవి రేవులో సుంకం పుచ్చుకునే పడవవాడు. కేయూరవర్మ గుండెనిండా ఒక్కసారి పీల్చాడు. వదిలేసరికి ఇంకేమీ లేదు. సంపెంగని ముక్కుకి ఆనించుకున్నా, ఎండుటాకుని ఆనించుకున్నా ఒకటే.

ఇంకో రెండు సముద్రాల అవతల రుచుల దీవి. కొండమీంచి చెరుకురసం వాగు, తేనె కారే పనసతొనలు, ఆకుల్లో పొగలు కక్కే కుడుములు. నడిపన్న ఒళ్ళంతా ఊరిపోయి గుమ్మటంలా కూర్చున్నాడు.

"ఉండరా, ఈ అరిసె అయిపోనీ" అన్నాడు. ఆ దీవిలో అరిసె అయిపోతుందా, నా మొహం!

కేయూరవర్మ ఒక్క పనసతొన తిన్నాడు, నాలిక రుచిని పడవవాడికిచ్చి ఏడుస్తూ పడవెక్కాడు.

మరో రెండు సముద్రాలు దాటితే నాదాల దీవి. వెదురుపొదలే పిల్లనగ్రోవులు, చెయ్యి తగిలితే రాళ్ళు కూడా మోగుతాయి. ఆ సందట్లో ఎక్కడో ఒక జోలపాట, అచ్చం అమ్మ గొంతుతో. కేయూరవర్మ ఇసకలో కూలబడిపోయాడు.

"ఇదొక్కటీ ఇవ్వలేను. అమ్మ లేచి నన్ను పిలిస్తే, ఆ పిలుపు నాకు వినపడొద్దూ? ఇంక దేనికి ఈ బతుకు?" అని గుండెలు బాదుకున్నాడు.

"ఉండిపో బాబూ, ఎవరూ తప్పుపట్టరు" అంది పిల్లి.

పొద్దు వాలేదాకా ఏడ్చాడు. తర్వాత లేచి, "పోనీలే, అమ్మకి నేను వినపడతాను కదా" అన్నాడు. లోకంలో అతను విన్న ఆఖరి మాట తనదే.

ఏడో సముద్రం దాటాక పిల్లి పంచె అంచు పట్టి లాక్కుపోయింది. చెట్టుతొర్రలో చిలక. గుప్పిట్లోకి తీసుకోగానే అది సుగుణావళి గొంతుతో, "నాయనా కేయూరా, నీ అమ్మనురా, చంపకురా!" అని అరిచింది. వింటే ఏ కొడుక్కి చేతులాడతాయి చెప్పండి? పిల్లే చెవులు ముడుచుకుంది. కేయూరవర్మకి ముక్కు తెరుచుకోవడం మాత్రమే కనపడింది. పాపం అనుకుంటూనే మెడ విరిచాడు. అక్కడ ధూమకేశి దభేలున కూలాడు. వాడు సృష్టించిన ఆ మూడు దీవులూ మాయమయ్యాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి తిట్టుకుంటూ ఇల్లు చేరారు.

కేయూరవర్మ కోటలోకి రాగానే అమ్మ ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. పెదాలు ఆడుతున్నాయి, కళ్ళవెంట ధారలు.

"అమ్మా, నాకు వినపడదు" అన్నాడు.

ఆవిడ ఆగిపోయింది. అతని చేతులు రెండూ తీసుకుని తన బుగ్గలకి అదుముకుంది. తడి తెలిసింది. అదైనా మిగిలింది.

తర్వాత మంత్రిగారి అమ్మాయి హేమాంగితో పెళ్ళి. మేళగాళ్ళ బుగ్గలు పొంగడం చూస్తూ కూర్చున్నాడు పెళ్ళికొడుకు. పురోహితుడు భుజం తట్టాక మూడుముళ్ళూ వేశాడు. కలకాలం రాజ్యమేలాడు, జనం సుఖంగా ఉన్నారు.

అమ్మ రోజూ తానే వండి, పక్కన కూర్చుని వడ్డించేది. ఎలా ఉందని చేత్తో అడిగేది. "అమృతంలా ఉందమ్మా" అనేవాడు అతను. అందరూ నమ్మేవారు. ఆవిడ మాత్రం మొహం తిప్పుకుని చెంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఆ చీకటి ఎలా ఉంటుందో ఆ రాజ్యం మొత్తంలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.