ఊటగెడ్డ దారికి టైర్లు

ముసురు పట్టినప్పటి నుంచీ ఆశ్రమం జీపు రాళ్ళ మీదే నిలబడి ఉంది. చక్రాలు విప్పేసి ఉన్నాయి. విప్పినవాడు కామేశం. పాత టైర్లు తీసి అవతల పడేశాడు. కొత్తవి ఏవి వెయ్యాలో తేల్చుకోలేకపోతున్నాడు.

మన్యం కొండల కింద, తారురోడ్డు ఆగిపోయే చోటికి కాస్త ఇవతల ఉంది ఆ ఆశ్రమం. పెద్దదేమీ కాదు. ధ్యానానికి ఒక గది, పడుకోవడానికి కొన్ని గదులు, మందులిచ్చే వసారా. దాన్ని నడిపే విశ్వేశ్వరమ్మను కొండమీది గూడేలవాళ్ళూ కింది ఊళ్ళవాళ్ళూ అమ్మ అనే పిలుస్తారు. కామేశం విశాఖపట్నంలో కార్ల కంపెనీ ఉద్యోగం వదులుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఏదైనా మంత్రం ఉపదేశించమని అడిగితే, అమ్మ జీపు తాళం చేతిలో పెట్టింది.

"ముందు దీని సంగతి చూడు" అంది.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. కొండమీద ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి నొప్పులొచ్చినా, కబురందగానే కామేశం వెళ్ళి తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో దించేవాడు. మామూలు బండ్లు ఎక్కలేని చోటికి కామేశం ఎక్కిస్తాడని చుట్టుపక్కల పేరొచ్చింది. ఆ పేరు వింటే అతనికి లోపల హాయిగా ఉండేది.

తొలకరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఊటగెడ్డ గూడెం నుంచి కబురొచ్చింది. సుక్రి అనే పిల్లకు నొప్పులు. తొలి కాన్పు. కామేశం వెంటనే బయల్దేరాడు. గూడెం కనిపిస్తోందనగా ఎర్రమట్టి ఎక్కుడు మీద జీపు పట్టు తప్పింది. చక్రాలు తిరుగుతున్నాయి గాని బండి కదలడం లేదు. అతను ఇంకా గట్టిగా తొక్కాడు. జీపు అడ్డంగా జారి పక్క గోతిలోకి ఒరిగిపోయింది.

సుక్రి భర్త బొంజు, మరికొందరు కలిసి ఆమెను డోలీలో మోసుకుంటూ కిందికి దిగారు. పొడుగాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, ముందొకరూ వెనకొకరూ భుజాన వేసుకోవడమే డోలీ. గోతిలో పడున్న జీపు పక్కనుంచే వాళ్ళు వెళ్ళారు. కామేశం వాళ్ళ వెనకే నడిచాడు. దారిలోనే ఆడపిల్ల పుట్టింది. తారురోడ్డు చేరేసరికి సుక్రి ప్రాణం పోయింది.

ఆ తర్వాత కామేశం కొండెక్కలేదు.

గూడెంవాళ్ళే జీపును తాళ్ళు వేసి బయటికి లాగి, మెల్లగా దింపి, ఆశ్రమంలో అప్పజెప్పి వెళ్ళారు. కామేశం వంగి టైర్లు చూశాడు. వాటి మీది గాడులు అరిగి నున్నబడి ఉన్నాయి. అలా చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

"కొత్తవి వేయించు" అంది అమ్మ.

పట్నంలో టైర్ల కొట్టతను మూడు రకాలు దొర్లించుకొచ్చి ముందు పెట్టాడు.

"ఇది రోడ్డు టైరు సార్. తారు మీద చప్పుడుండదు, వానలో కూడా బ్రేకు బాగా పడుతుంది. బురదలోకి దిగితే మాత్రం చేతులెత్తేస్తుంది. ఇదేమో బురద టైరు. రబ్బరు దిమ్మలు ఎంత ఎడంగా ఉన్నాయో చూడండి, బురదని పట్టి వెనక్కి చిమ్మేస్తుంది. కానీ తడిసిన తారు మీద, మలుపుల్లో నమ్మొద్దు. ఇక ఈ మూడోది ఆల్ టెరైన్. తారు, కంకర, రాళ్ళు, బురద, అన్నిట్లోనూ నడుస్తుంది. అన్నిట్లోనూ ఇదే గొప్పదని మాత్రం చెప్పను."

"వీటిలో జారనిది ఏది?"

"అది నేలను బట్టి ఉంటుంది సార్" అన్నాడు.

కామేశం ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. తర్వాత ఇంకో కొట్టుకు వెళ్ళాడు. ఫోనుకు సిగ్నలు అందే గుట్ట ఎక్కి గంటల తరబడి వీడియోలు చూశాడు. టైరు వెడల్పు, పక్కల మందం, దిమ్మల లోతు అన్నీ నోటికి వచ్చేశాయి. ఒకటి బాగుందనుకునేలోపు, అది పట్టు తప్పే మలుపు ఒకటి కళ్ళ ముందుకొచ్చేది. బురద టైరు వేస్తే ఆసుపత్రికి పోయే తారు మలుపుల్లో ఏమవుతుంది? రోడ్డు టైరు వేస్తే ఆ ఎర్రమట్టి ఎక్కుడు ఎలా? మూడోది వేస్తే రెండుచోట్లా సగం సగమే కదా!

ఆషాఢం వెళ్ళిపోయింది. కొండమీది రోగులు డోలీల్లో దిగుతున్నారు. కొందరు అసలు దిగడమే లేదు. డోలీ వసారా ముందు ఆగినప్పుడల్లా కామేశం ఏదో పని ఉన్నట్టు పెరటివైపు వెళ్ళిపోయేవాడు. అమ్మ చూస్తూ ఉండేది.

ఒక ఉదయం అతనే ఆమె ముందు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, పోయిన ప్రాణం చాలు. ఎక్కడా జారని టైరు దొరికేదాకా నేను బండి తియ్యను. మీరే చెప్పండి, ఏది వెయ్యమంటారు?"

అమ్మ వేళ్ళతో కరక్కాయలు ఏరుతోంది. తలెత్తకుండానే, "ఆ దారి ఎలా ఉంటుంది?" అని అడిగింది.

"మొదట కొంచెం తారు. తర్వాత కంకర. బండలు. గెడ్డ దాటాక ఎర్రమట్టి."

"నేను చూసి చాలా కాలమైంది. పద."

మందుల సంచీ భుజాన వేసుకుని, చేతికర్ర తీసుకుని, ఆమె గేటు దాటేసింది. కామేశం వెంట పరిగెత్తాడు.

వాన తెరిపి ఇచ్చింది గాని దారంతా నీళ్ళు కారుతున్నాయి. అమ్మ మెల్లగా నడుస్తోంది. దారికి అడ్డంగా పారే గెడ్డ దగ్గర చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటింది. ఎర్రమట్టి ఎక్కుడు వచ్చేసరికి కామేశం ఆగి చూశాడు. గోతి అంచున చక్రాలు కోసిన చారలు ఇంకా చెరిగిపోలేదు.

"అమ్మా, ఇక్కడే. మధ్యలో నడవకండి. అంచున గడ్డి ఉంది, ఇటు రండి."

అమ్మ మధ్యలోనే నడిచింది. ఆమె కాలు జారింది. అలాగే కూలబడిపోయింది. తెల్లచీర నడుము దాకా ఎర్రబడింది.

"అయ్యో! చెప్తూనే ఉన్నాను కదమ్మా! దెబ్బ తగిలిందా?"

"జారాను" అంది అమ్మ. "లేపు."

రెండు చేతులూ పట్టి లేపాడు. "ఇక వెనక్కి పోదామమ్మా. చీర మార్చుకుని ఇంకోరోజు వద్దాం" అన్నాడు.

ఆమె అప్పటికే పైకి నడుస్తోంది.

గూడెంలో బొంజు దడి కట్టుకుంటున్నాడు. అమ్మను చూసి లేచి దణ్ణం పెట్టాడు. ఆమె వెనక కామేశాన్ని చూసి మళ్ళీ దడి వైపు తిరిగాడు. చూరుకు వేలాడదీసిన గుడ్డ ఉయ్యాలలో పసిపిల్ల నిద్రపోతోంది. ముసలమ్మ ఒకామె ఊపుతోంది.

కామేశం ఉయ్యాల వైపు చూడలేక నేలవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"బొంజూ, టైర్లు అరిగిపోయాయి. నేను ముందే చూసుకోవాల్సింది. నా మీద నాకున్న నమ్మకంతో అలాగే తిప్పాను. ఆ రోజు మంచి టైర్లు ఉండుంటే..."

బొంజు అంతా విన్నాడు. చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఆ దినం నువ్వు వచ్చినావు బాబూ. వచ్చి గోతిలో పడిపోయినావు. నేను సూసినాను కదా." దడి కర్ర ఒకటి పక్కన పెట్టాడు. "మరి తర్వాత ఎందుకు రాలేదు?"

కామేశం టైర్లు అనబోయి అనలేకపోయాడు.

"మా అయ్యకి జొరం. తగ్గట్లేదు. జీపు రాదు కదా అని కబురెట్టలేదు. మగోళ్ళు ఊడుపుల పనికి పోయినారు. డోలీకి రెండో మనిషి లేడు." గుమ్మంలోకి చూపించాడు.

అమ్మ వంగి లోపలికి వెళ్ళింది. మంచం మీది ముసలాయన నుదురు తాకి చూసింది, నాడి పట్టుకుంది, రెండు గుక్కలు నీళ్ళు తాగించింది. బయటికొచ్చి, "ఇవాళే కిందికి దించాలి" అంది.

ఎవరి వైపూ చూడకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, ముసలమ్మ పక్కన చతికిలబడింది.

గోడకు ఆనించి డోలీ కర్ర ఉంది. సుక్రిని మోసిన కర్ర అదే. కామేశం కాసేపు దాన్ని చూశాడు. తర్వాత వెళ్ళి ఎత్తుకున్నాడు.

బొంజు ముందు, కామేశం వెనక. ఎన్నోసార్లు బండిలో కూర్చుని తిరిగిన దారి అది. ఇప్పుడు ప్రతి రాయీ అరికాలికి తెలుస్తోంది. కర్ర భుజంలోకి దిగుతోంది. దుప్పట్లో ముసలాయన మూలుగు ఒక్కోసారి వినిపిస్తోంది, ఒక్కోసారి వినిపించడం లేదు. వినిపించనప్పుడు కామేశం దుప్పటి వైపు వంగి చూస్తున్నాడు.

ఎర్రమట్టి మీద అతని కాలు జారింది. మోకాలు నేలకు కొట్టుకుంది. కర్రను మాత్రం రెండు చేతులా పైకి పట్టి వదల్లేదు. బొంజు ఆగిపోయాడు. వెనక్కి తిరిగితే డోలీ ఊగిపోతుందని తిరక్కుండానే అడిగాడు.

"లెగ్గలవా బాబూ?"

"లేస్తున్నా."

లేచాడు. మళ్ళీ నడిచారు. గెడ్డలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. తారురోడ్డు మీద ఆటో దొరికింది. ముసలాయన్ని అందులో పడుకోబెట్టి, అతని తల తన ఒళ్ళో పెట్టుకుని కామేశం ఆసుపత్రికి వెళ్ళాడు.

"ఇంకో పూట ఆగుంటే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నాడు డాక్టరు. ముసలాయన బతికాడు.

మర్నాడు కామేశం టైర్ల కొట్టు తెరిచేసరికే అక్కడ ఉన్నాడు. కొట్టతను గుర్తుపట్టి నవ్వాడు.

"జారనిది ఇంకా రాలేదు సార్."

"ఆ మూడోది ఇవ్వండి. మొత్తం నాలుగు."

"బాగా బురదైతే ఇబ్బంది పడతారు. ముందే చెప్తున్నా."

"తెలుసు. గట్టి తాడు కూడా ఒకటి కావాలి. పొడుగాటిది."

జీపు రాళ్ళ మీంచి నేల మీదికి దిగింది. ఎండ కాసిన రోజున కామేశం ఊటగెడ్డ దాకా వెళ్ళొచ్చాడు. పసిపిల్లకు పాలడబ్బాలు ఇచ్చి, బొంజుతో కాసేపు కూర్చుని వచ్చాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆశ్రమంలో చెప్పలేదు. అమ్మ అడగలేదు.

శ్రావణం చివర్లో మళ్ళీ పెద్దవాన పట్టుకుంది. ఆ వానలోనే ఒకతను తడిసి ముద్దై పరిగెత్తుకొచ్చాడు. ఊటగెడ్డకు అవతలి గూడెంలో ఒకావిడకు పొద్దుటి నుంచీ నొప్పులట. కాన్పు కష్టమవుతోందట.

కామేశం వచ్చినతన్ని వెనక సీట్లో ఎక్కించి జీపు స్టార్ట్ చేశాడు. అద్దం మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎదురుగా కొండ కనిపించడం లేదు. ఇంజను తిరుగుతోంది. గేరు మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అమ్మ చెంగు తలమీదికి లాక్కుంటూ వసారా దిగి వచ్చి అతని పక్క సీట్లో కూర్చుంది.

కామేశం ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఇవి కూడా జారతాయి."

"ఊఁ" అంది అమ్మ.

తలుపు లాగి వేసుకుంది.

"బండి పోనీ."