చూసి వేసిన ఎత్తులు

"మాస్టారూ, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోమంటారు?" అని అడిగింది జోషిత.

తెనాలిలో ఒక బియ్యం కొట్టు పైన మేడగదిలో కొండలరావు మాస్టారు సాయంత్రాలు చదరంగం నేర్పుతారు. చదువుల సంగతి ఆయన్ని అడగడం వింతేమీ కాదు. ఆ గదికి వచ్చేవాళ్లు ఆట తప్ప అన్నీ అడుగుతారు. నేను రిటైరయ్యాక అక్కడ చేరాను. ఆట కోసం కాదు, ఫ్యాను కోసం అంటుంది మా ఆవిడ. ఇన్నాళ్లలో ఆయన ఏ ప్రశ్నకైనా నేరుగా బదులు చెప్పగా నేను చూడలేదు.

నిజానికి జోషిత అడిగినదానికి జవాబు ఆ పిల్ల దగ్గరే ఉండేది. మొన్నటిదాకా పశువుల డాక్టరునవుతానని ఊరంతా చెప్పుకు తిరిగింది. మా మేడమెట్ల కింద కాలు విరిగిన కుక్కపిల్లకి వెదురుబద్ద కట్టి మళ్లీ నడిపించింది కూడా. అంటే బైపీసీ అన్నమాటే. ఇంతలో వాళ్ల పెదనాన్న కూతురు హాసిని ఎంపీసీలో చేరింది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే బళ్లో పదో తరగతి పాసయ్యారు. హాసిని రెండు నెలలు పెద్దది కనక అక్కా అని పిలవాలి; పిలవదు. హాసిని చేరిన రోజు ఇంటిల్లిపాదీ దాన్ని చుట్టుకుని ఇంజనీరమ్మా అని మురిసిపోతుంటే ఈ పిల్లకి ఒళ్లు మండిపోయింది. తను బైపీసీ తీసుకుంటే లెక్కలకి భయపడిందంటారు. దానికన్నా తనేం తక్కువ? రేపు పొద్దున్నే నాన్న కాలేజీకి తీసుకెళ్తానన్నాడు, ఒకసారి చేరాక మార్చేది లేదని కూడా చెప్పాడు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి కళ్లు తుడుచుకుంది. అసూయ అన్న మాట ఒక్కటే వాడలేదు, మాకు వేరే చెప్పాలా.

మాస్టారు అంతా విని, తనూ అక్కడే ఆట నేర్చుకుంటూ ఆ మూల పిల్లలతో ఆడుకుంటున్న హాసినిని పిలిచారు. ఇద్దర్నీ పటానికి చెరోవైపు కూర్చోబెట్టి, తెల్లపావులు హాసినికి ఇచ్చారు.

హాసిని రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరిపింది. జోషితా అదే జరిపింది. హాసిని గుర్రాన్ని దింపితే ఇదీ గుర్రాన్ని దింపింది. శకటు వస్తే శకటు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, కాసేపటికి పటం మధ్యలో అద్దం పెట్టినట్టు కనబడేసరికి పిల్లలంతా చుట్టూ మూగారు. హాసిని నవ్వు ఆపుకోలేకపోతోంది. జోషిత మొహంలో నవ్వు లేదు. చూపంతా హాసిని వేళ్ల మీదే, తన పావుల వంక చూడనైనా లేదు. గెలుపు మాట అటుంచి, అది వేసిన ఎత్తు తను వేయకుండా వదలకూడదన్న పంతం. నేను మాస్టారి వంక చూశాను. ఆయన తాపీగా టీ తాగుతున్నారు.

అంతలో హాసిని గుర్రాన్ని లోపలికి దూకించి చెక్ అంది. జోషిత చెయ్యి అలవాటుగా తన గుర్రం మీదికే పోయింది, తనూ దూకించి చెక్ అందామని. మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"చెక్ పడింది నీ రాజుకమ్మా. ముందు వాణ్ణి కాపాడుకో. ఇక దాన్ని చూసి ఆడ్డానికి లేదు."

జోషిత అప్పుడు మొదటిసారి తన పావుల వంక చూసుకుంది. తోచక రాజుని మూలకి జరిపింది. మరి కొద్ది ఎత్తుల్లోనే ఆట కట్టింది. పిల్ల మొహం కందిపోయింది. చెక్ పడేదాకా అది వేసిందే తనూ వేసింది, ఒక్క ఎత్తు తేడా లేదు, మరి తనే ఎందుకు ఓడాలని మాస్టారిని నిలదీసింది.

"నువ్వెక్కడ ఓడావు? ఆడితే గదా ఓడ్డానికి. రెండు వైపులా హాసినే ఆడింది" అన్నారాయన.

ఆ మాటకి హాసిని నవ్వు కూడా ఆగిపోయింది. జోషిత తన నల్లరాజుని తీసి పటం పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా, మరి రేపు కాలేజీలో ఏం చెప్పాలని మళ్లీ అడిగింది. గొంతులో ఇందాకటి పంతం లేదు, భయం మాత్రం ఉంది. మాస్టారు పావులన్నీ మళ్లీ పేర్చి, పటాన్ని తిప్పి, తెల్లపావుల వైపు ఆ పిల్ల ముందుకు తెచ్చారు.

"మొదటి ఎత్తు నీది. ఎవర్ని చూసి వేస్తావో వెయ్యి."