రెండు నిండు చెంబులు

వేణుగిరి రాజు కుంతలవర్మకు నాలుగు రోజులకోసారి ఏదో ఒక సరదా పుట్టేది. ఈసారి అది కోట బడి మీద పడింది. పొరుగు రాజు చుట్టపుచూపుగా వస్తున్నాడు. ఆయన బడిలో అడుగు పెట్టేసరికి పిల్లలంతా కదలకుండా మెదలకుండా, గురువు ముఖంలోకే చూస్తూ కూర్చోవాలి. అలా కూర్చోలేని పిల్లలెవరైనా ఉంటే ముందే ఇంటికి పంపెయ్యమని పెద్ద పంతులు సోమశేఖరశాస్త్రిగారికి ఆజ్ఞ అయింది.

శాస్త్రిగారు వెతుక్కోకుండానే ఒక పేరు చెప్పారు. బంగారి, మావటి మల్లన్న కూతురు. గురువు పాఠం చెబుతుంటే దూలాల వంక చూస్తుంది. పిల్లలంతా ఒక్కసారి ఎక్కాలు అరిస్తే చెవులు మూసుకుంటుంది. చేతిలో ఎప్పుడూ ఓ తాడుముక్క, దాన్ని మెలిపెడుతూనే ఉంటుంది. తాడు తాను లాక్కున్నాననీ, అయినా పిల్ల బాగుపడలేదనీ, పైపెచ్చు ఏమడిగినా నోరు విప్పడం మానేసిందనీ ఆయన మొరపెట్టుకున్నారు. కబురు పెడితే వచ్చిన తండ్రీ కూతుళ్లు కొలువులో స్తంభం పక్కన నిలబడి ఇదంతా విన్నారు. మల్లన్న తల దించుకున్నాడు.

విదూషకుడు చిట్టెన్నకు గుండె కలుక్కుమంది. గజశాల వైపు వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల తాడు మెలిపెడుతూ ఏనాటి పాఠమో పొల్లుపోకుండా ఒప్పజెప్పడం అతను విన్నాడు. ఈ బడి పోతే దానికి ఇంకో బడి లేదు.

నిజం చెప్పాలంటే చిట్టెన్నదీ అదే బాపతు. చేతులు ఊపకుండా ఒక్క ముక్క మాట్లాడలేడు. ఓసారి ఏదో చెబుతూ చెబుతూ మంత్రిగారి తలపాగా ఎగరగొట్టాడు. ఆనాటి నుంచీ కొలువులో అతని పక్కన ఎవరూ కూర్చోరు. విదూషకుడు కాబట్టి బతికిపోయాడు గానీ, మరో ఉద్యోగమైతే ఏనాడో గెంటేసేవారని అతనికి బాగా తెలుసు.

తాడు తీసేస్తే చదువు వస్తుందనుకున్నారు, వచ్చిన చదువు కాస్తా దాంతోపాటే పోయిందని చిట్టెన్న రాజుకు మనవి చేశాడు. శాస్త్రిగారు పెదవి విరిచారు. మనసుకు నిలకడ ఉంటే చేతులకూ ఉంటుందట, చిట్టెన్నకు రెండూ లేవు కనక ఆ సంగతి తెలియదట. సభ నవ్వింది. చిట్టెన్న కూడా నవ్వాడు, అందులో అబద్ధమేమీ లేదు మరి.

"అయితే ముందు నన్నే పరీక్షించండి ప్రభూ," అన్నాడు.

రెండు చెంబుల నిండా, అంచుదాకా నీళ్లు తెప్పించాడు. చేతికొకటి పట్టుకోవాలి, చుక్క కింద పడకూడదు, అలా పట్టుకునే తనకు బాగా వచ్చిన అత్తగారి అప్పడాల కథ చెప్పాలి. కావాలని కాస్త ఒలకబోసి ఓడిపోదామనుకున్నాడు, శాస్త్రిగారు పౌరుషానికి పోయి తామే చెంబులు పట్టాలని. పాపం, కావాలని చెయ్యాల్సిన అవసరమే రాలేదు. అత్తగారు అప్పడాల కర్ర ఎత్తేచోట కుడి చెయ్యి దానంతటదే లేచింది. చెంబెడు నీళ్లూ నెత్తిన పడ్డాయి. ఆ కంగారులో అప్పడాలు చేసింది అత్తగారో మామగారో మరిచిపోయాడు. రెండో చెంబు పంచె మీద గుమ్మరించుకున్నాడు.

శాస్త్రిగారు ఇక ఉండబట్టలేకపోయారు. చెంబులు మళ్లీ నింపించి తామే అందుకున్నారు. రోజూ పొద్దున్నే పిల్లల చేత చదివించే పద్యం, రాజుగారి మీద తాము చెప్పిందే, ఎత్తుకున్నారు. పద్యం చదివేటప్పుడు ఆయన కుడి చెయ్యి గాలిని కోస్తుంది, ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తుంది. ఈ సంగతి కోటలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

మొదటి పాదం ఎలాగో గట్టెక్కింది. రెండో పాదంలో చెయ్యి లేవబోయింది, నీళ్లు అంచున తొణికాయి. శాస్త్రిగారి చూపు చెంబు మీద పడింది, నోరు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. రాజుగారే జాలిపడి తర్వాతి మాట అందించారు, అయినా లాభం లేకపోయింది. ఆయన నుదుటి నిండా చెమట పట్టింది.

"ప్రభూ, ప్రాణమంతా ఈ చేతులు కదలకుండా చూసుకోవడానికే సరిపోతుంటే పద్యం ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నారు.

చిట్టెన్న పంచె పిండుకుంటూ మెల్లగా అన్నాడు:

"బంగారి చెప్పలేకపోయిందీ అదే, శాస్త్రిగారూ. దానికి మీ అంత చక్కగా చెప్పడం చేతకాలేదు."

శాస్త్రిగారు బంగారి వైపు తిరిగారు. చెంబులు కింద పెట్టారు. ఉత్తరీయం కొంగున ముడివేసుకున్న తాడుముక్క విప్పి తామే తీసుకెళ్లి బంగారి చేతిలో పెట్టారు. పొరపాటు నాదేనమ్మా, ఆ పద్యం నీకొచ్చా అని అడిగారు.

బంగారి ఆయన ముఖం చూడలేదు. దూలాల వంక చూస్తూ, తాడు మెలిపెడుతూ, ఆయన ఆగినచోట ఎత్తుకుని చివరిదాకా చదివేసింది. మల్లన్న కళ్లు తుడుచుకున్నాడు.

శాస్త్రిగారే మొదట నవ్వారు. తర్వాత రాజు, ఆ తర్వాత సభంతా నవ్వింది. పిల్ల చూపు ఎక్కడుంటే ఏం, చదువు పిల్ల దగ్గరే ఉందని రాజు తేల్చేశాడు. పొరుగు రాజు వచ్చిన రోజునా బంగారి బడిలోనే ఉండాలనీ, పిల్లలు ఎక్కాలు అరిచే వేళ బయట అరుగు మీద కూర్చోవచ్చనీ అన్నాడు. మెడలోని ముత్యాల హారం తీసి చిట్టెన్నకు ఇవ్వబోతూ, రాజ్యంలో ప్రతి పంతులూ ఈ చెంబులు ఓసారి పట్టుకోవాలనీ, చిట్టెన్నే ఊరూరా తిరిగి ముందు తాను పట్టి చూపించాలనీ ఆజ్ఞాపించాడు.

చిట్టెన్న చలికి వణుకుతూ చేతులు జోడించాడు.

"హారం తర్వాత చూద్దాం ప్రభూ. ముందు బడికొక పొడి పంచె చొప్పున ఇప్పించండి."